ప్రమాణం చేయనివ్వని శాసనసభ్యుడు: జూలియన్ బాండ్

సభకు నమస్కారం.

నేను ఈ సాయంత్రం మాట్లాడబోయేది మనం ఉంటున్న ఈ జార్జియా రాష్ట్రానికే చెందిన ఒక యువ శాసనసభ్యుడి గురించి. జూలియన్ బాండ్ పాతికేళ్ల వయసులో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. ప్రమాణం చేయడానికి సభకు వెళితే తోటి సభ్యులు చేయనివ్వలేదు. ఖాళీ అయిన ఆ స్థానానికి ఉప ఎన్నిక పెడితే మళ్లీ ఆయనే గెలిచారు, మళ్లీ కాదన్నారు. మూడోసారి కూడా గెలిచి, చివరికి అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో 1967 జనవరిలో తన కుర్చీలో కూర్చున్నారు. ఒక మనిషిని చట్టసభకు పంపవలసింది ఓటర్లా, అప్పటికే లోపల కూర్చున్నవాళ్లా అన్న ప్రశ్న ఈ జీవితం మొత్తంలో కనిపిస్తుంది కాబట్టి, నేను కూడా ఆ ప్రశ్నను విడవకుండానే మాట్లాడతాను.

అట్లాంటా చుట్టుపక్కల ఆల్ఫరెట్టాలోనూ, జాన్స్ క్రీక్‌లోనూ, కమ్మింగ్‌లోనూ ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఈ కథతో ఏం పని అని ఎవరైనా అనుకోవచ్చు. బాండ్ మొదటిసారి గెలిచింది 1965 జూన్‌లో. అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. ఏ దేశంలో పుట్టావన్నదాన్ని బట్టి కోటాలు కట్టి, ఆసియావాళ్లకు దాదాపు తలుపులు మూసేసిన పాత పద్ధతి ఆ చట్టంతో పోయింది. జాతి ఆధారంగా మనుషులను వేరుచేయడం తప్పని ఆనాటి ఉద్యమం దేశాన్ని ఒప్పించి ఉండకపోతే, ఆ చట్టం అప్పుడు, ఆ రూపంలో వచ్చేది కాదు. మనవాళ్లు వీసాలు చేతబట్టుకుని ఈ దేశంలో దిగగలగడం వెనక ఆ తరం పడిన కష్టం ఉంది.

బాండ్ 1940 జనవరి 14న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టారు. తాత జేమ్స్ బాండ్ బానిసగా పుట్టి, విముక్తి తర్వాత కెంటకీలోని బెరియా కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాడు. తండ్రి హొరేస్ మాన్ బాండ్ పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన మొదటి నల్లజాతీయుడు. తల్లి జూలియా లైబ్రేరియన్. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ వంటి పండితుడు, పాల్ రాబ్సన్ వంటి గాయకుడు అతిథులుగా వచ్చిపోయే ఇల్లు అది. కొడుకు కూడా తమలాగే విద్వాంసుడు కావాలని తండ్రీ, డుబోయిస్ కలిసి పసివాడికి సరదాగా ఒక తంతు జరిపించారట. మన ఇళ్లల్లో అక్షరాభ్యాసం లాంటిదనుకోండి. జూలియన్ పెన్సిల్వేనియాలోనే, క్వేకర్లు అనే శాంతివాద క్రైస్తవ శాఖవారు నడిపే జార్జ్ స్కూల్‌లో చదువుకున్నారు. 1957లో తండ్రికి అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావడంతో కుటుంబం ఇక్కడికి మారింది. జూలియన్ మోర్‌హౌస్ కళాశాలలో చేరారు. అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా చెప్పిన ఒక తత్వశాస్త్ర తరగతిలో కూర్చున్న కొద్దిమంది విద్యార్థుల్లో ఆయన ఒకరు.

1960 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే హోటల్ కౌంటరు దగ్గర కూర్చుని లేవకుండా నిరసన తెలిపారు. ఆ వార్త ఉన్న పత్రికను మోర్‌హౌస్ దగ్గరి మందుల దుకాణంలో లానీ కింగ్ అనే తోటి విద్యార్థి బాండ్ ముందు పెట్టి, మనం కూడా ఏదైనా చేయాలి కదా అన్నాడు. మార్చి 9న అట్లాంటా విద్యార్థుల విజ్ఞాపన పత్రం స్థానిక పత్రికల్లో అచ్చయింది. అదే నెల 15న బాండ్ ఒక జట్టును వెంటబెట్టుకుని నగర పాలక భవనంలోని క్యాంటీన్‌కు వెళ్లి అరెస్టయ్యారు. ఏప్రిల్‌లో ఎల్లా బేకర్ చొరవతో విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం ఏర్పడింది. దాన్ని అందరూ ‘స్నిక్’ అని పిలిచేవారు. బాండ్ 1961లో చదువు మధ్యలో మానేసి ఆ సంఘానికి ప్రచార విభాగం బాధ్యుడయ్యారు. పట్టా మళ్లీ పదేళ్లకు, 1971లో పూర్తిచేశారు.

ఆయన చేసిన ఈ పని గురించి ఒక మాట చెప్పాలి. మిసిసిపీలోనో, అలబామాలోనో ఒక కార్యకర్తను కొట్టారన్నా, ఒక గుడిసెను తగలబెట్టారన్నా ఆ కబురు ముందుగా అట్లాంటా కార్యాలయానికి చేరేది. పేరు, ఊరు, కౌంటీ, షెరీఫ్ ఎవరు అన్నవి సరిచూసుకుని పత్రికలవాళ్లకు ఫోన్లు చేయడం, ప్రకటనలు రాసి పంపడం ఆయన ఉద్యోగం. ఏ మాట ఎంత బరువు మోస్తుందో ఆ టెలిఫోన్ బల్ల దగ్గరే నేర్చుకున్నారని నా అభిప్రాయం. తర్వాత కోర్టులో ఆయనను కాపాడింది కూడా ఒక రకంగా ఆ అలవాటే.

ఇక 1965 ఎన్నిక. అంతవరకు జార్జియా చట్టసభ నగరాల చేతిలో లేదు. కొద్దిపాటి జనం ఉన్న పల్లె కౌంటీకి, లక్షల జనం ఉన్న అట్లాంటాకు సీట్ల లెక్కలో పొంతనే ఉండేది కాదు. ఒక మనిషికి ఒకే ఓటు, ఆ ఓటుకు ఎక్కడైనా ఒకే విలువ అని 1962 నుంచి 1964 వరకు సుప్రీంకోర్టు వరుసగా ఇచ్చిన తీర్పులతో రాష్ట్రాలు నియోజకవర్గాలను తిరగగీయక తప్పలేదు. జార్జియాలో కొత్త నియోజకవర్గాలకు 1965 జూన్‌లో ప్రత్యేక ఎన్నికలు జరిగాయి. అట్లాంటాలో నల్లజాతీయులే అత్యధికంగా ఉండే 136వ నియోజకవర్గంలో బాండ్ డెమోక్రాటిక్ పార్టీ తరఫున నిలబడ్డారు. ఉపన్యాసాలు తగ్గించి ఇల్లిల్లూ తిరిగి, మీకేం కావాలి అని అడిగారు. కనీస వేతనం గంటకు 2 డాలర్లు చేయాలన్న డిమాండు ఆయన ప్రచారంలోకి అలా వచ్చింది. అప్పటి ఫెడరల్ కనీస వేతనం 1.25 డాలర్లు మాత్రమే. పోలైన ఓట్లలో నూటికి 80కి పైగా ఆయనకే పడ్డాయి. ఆ ఎన్నికల్లో మొత్తం ఎనిమిది మంది నల్లజాతీయులు ప్రతినిధుల సభకు గెలిచారు. 1907 తర్వాత ఆ సభలో నల్లజాతి సభ్యుడు అడుగు పెట్టబోవడం అదే మొదలు.

1907 తర్వాత అన్నాను కాబట్టి ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. అంతర్యుద్ధం ముగిశాక 1868లో జార్జియా చట్టసభకు 33 మంది నల్లజాతీయులు ఎన్నికయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో తోటి సభ్యులు వారిని బయటికి పంపారు. అందుకు చెప్పిన కారణం విచిత్రమైనది: కొత్త రాజ్యాంగం నల్లవాళ్లకు ఓటు వేసే హక్కు ఇచ్చింది గాని, పదవిలో కూర్చునే హక్కు ఇస్తున్నామని ఎక్కడా రాయలేదట! బహిష్కృతుల్లో ఒకరైన హెన్రీ మెక్‌నీల్ టర్నర్, నా హక్కులను నేను ఎవరి ముందూ వంగి అడుక్కోనని అదే సభలో ప్రసంగించి మరీ బయటికి నడిచారు. చివరికి దేశ చట్టసభ అయిన అమెరికా కాంగ్రెస్ కల్పించుకుని రాష్ట్రాన్ని మళ్లీ సైనిక పర్యవేక్షణ కిందికి తెచ్చాకే, 1870లో వారికి స్థానాలు తిరిగి దక్కాయి. రాష్ట్ర చట్టసభ ఉండే కాపిటల్ భవనం ఆవరణలో వారి స్మారకంగా 1978లో పెట్టిన శిల్పం ఉంది. డలోనెగా బంగారు రేకు తొడిగిన గోపురం ముందు ఫొటో దిగి వచ్చేస్తాం గాని, ఆ శిల్పం దాకా నడిచేవాళ్లు మనలో తక్కువ. ఈసారి వెళ్లినప్పుడు చూడండి.

1966 జనవరిలో ఏం జరిగిందో ఇప్పుడు వరుసగా చెబుతాను. జనవరి 3న అలబామాలోని టస్కీగీలో శామ్యూల్ యంగ్ అనే స్నిక్ కార్యకర్త ఒక పెట్రోలు బంకులో తెల్లవాళ్ల మూత్రశాల వాడబోయాడని కాల్చి చంపారు. అతను నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. మూడు రోజులకు, జనవరి 6న, సంఘం అధ్యక్షుడు జాన్ లూయిస్ విలేకరుల ముందు వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఒక ప్రకటన చదివారు. టస్కీగీలో యంగ్ హత్యకు, వియత్నాంలో రైతుల హత్యకు తేడా లేదని ఆ ప్రకటన అంది. నిర్బంధ సైనిక సేవకు ఒప్పుకోని యువకుల పట్ల తమకు సానుభూతి, మద్దతు ఉన్నాయనీ, సైన్యానికి బదులు పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసే అవకాశం ఉండాలనీ కూడా అంది. ఆ ప్రకటనను బాండ్ రాయలేదు. ఒక రేడియో విలేకరి ఫోన్ చేసి, మీరు దీన్ని సమర్థిస్తారా అని అడిగితే, సమర్థిస్తాను అన్నారు. ఈ దేశంలో రెండో తరగతి పౌరుడినైన నేను ఆ యుద్ధాన్ని బలపరచి తీరాలని అనుకోవడం లేదన్నది ఆయన జవాబు సారాంశం. ఆ సంభాషణను విలేకరి టేపు మీద రికార్డు చేశాడు.

అప్పటికి వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా తప్పుపట్టిన పెద్ద నాయకులు తక్కువ. కింగ్ తన ప్రసిద్ధ యుద్ధ వ్యతిరేక ప్రసంగం చేయడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. బాండ్ మాటలు రేడియోలో రాగానే రాష్ట్రం భగ్గుమంది. ఆయన సభ్యత్వాన్ని సవాలు చేస్తూ 75 మంది సభ్యులు పిటిషన్లు దాఖలు చేశారు. జనవరి 10న సభ మొదలైనప్పుడు మిగతావారితో ప్రమాణం చేయించి, బాండ్ వంతు వచ్చేసరికి ఆయనను పక్కన నిలబెట్టారు. అదే రోజు ప్రత్యేక కమిటీ విచారణ జరిగింది. అక్కడ ఆ రేడియో టేపును వినిపించారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఆ విచారణే. డ్రాఫ్ట్ కార్డులు తగలబెట్టేవాళ్లను మెచ్చుకుంటావా అన్నది వాళ్ల ప్రశ్న. డ్రాఫ్ట్ కార్డు అంటే సైనిక సేవకు పేరు నమోదైన యువకుడు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవలసిన కాగితం. దాన్ని ఉద్దేశపూర్వకంగా నాశనం చేయడాన్ని 1965లోనే నేరం చేశారు. కార్డు తగలబెట్టమని నేను ఏ ఒక్కరికీ చెప్పలేదు, నా కార్డు ఇదిగో నా జేబులోనే ఉంది, కావాలంటే తీసి చూపిస్తాను అన్నారు బాండ్. చట్టాన్ని ఉల్లంఘించమని తాను అననని చెప్పి, కఠిన శిక్ష పడుతుందని తెలిసి కూడా తన నమ్మకానికి కట్టుబడి నిలిచే మనిషి ధైర్యాన్ని మెచ్చుకుంటానని మాత్రమే అన్నానని వివరించారు. తన మాటను వెనక్కి తీసుకోలేదు, ఒక్క మెట్టు ముందుకూ తోయలేదు. క్షమాపణ చెప్పి బతికిపోవచ్చునని సలహా ఇచ్చినవాళ్లు లేకపోలేదు. ఆ సాయంత్రం సభ ఆయనకు స్థానం నిరాకరించింది: వ్యతిరేకంగా 184 ఓట్లు, అనుకూలంగా 12. నాలుగు రోజుల తర్వాత ఆయనకు 26 ఏళ్లు నిండాయి.

బాండ్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ఆయనతో పాటు మార్టిన్ లూథర్ కింగ్ కూడా వాదిగా చేరారు. ఏ హోదాలో అంటే, 136వ నియోజకవర్గంలో నివసించే ఒక మామూలు ఓటరుగా. నా ప్రతినిధిని బయట నిలబెడితే సభలో నా గొంతు పోయినట్టే కదా అన్నది ఆ వాదన సారం. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరికి ఒకరుగా చీలి బాండ్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరైన గ్రిఫిన్ బెల్, తర్వాత జిమ్మీ కార్టర్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ అయ్యారు. ఒంటరిగా మిగిలిన ప్రధాన న్యాయమూర్తి ఎల్బర్ట్ టటిల్, సభ్యుడికి ఉండవలసిన అర్హతలేమిటో రాష్ట్ర రాజ్యాంగమే రాసిపెట్టినప్పుడు, వాటికి మించి కొత్త అనర్హతలు కనిపెట్టే అధికారం సభకు లేదని తన భిన్నాభిప్రాయంలో రాశారు. ఈలోగా ఫిబ్రవరిలో ఉప ఎన్నిక వస్తే బాండ్‌పై పోటీ చేయడానికే ఎవరూ ముందుకు రాలేదు. సభ మాత్రం ఆయనను మళ్లీ చేర్చుకోలేదు. నవంబరులో మూడోసారి గెలిచారు.

సుప్రీంకోర్టు 1966 డిసెంబరు 5న తీర్పు చెప్పింది. తొమ్మిది మంది న్యాయమూర్తులదీ ఒకే మాట. రాసినవారు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్. జార్జియా రాష్ట్రం రెండు మెట్ల వాదన చేసింది. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేయడం సభ్యుడి విధి. ఇలాంటి మాటలన్నవాడు ఆ ప్రమాణం మనస్ఫూర్తిగా చేయలేడు. మామూలు పౌరుడు ఏమన్నా చెల్లవచ్చు, శాసనసభ్యుడి విధేయతను ఇంకా ఎక్కువ స్థాయిలో కొలవాలి. వారెన్ రెండింటినీ తోసిపుచ్చారు. తోటి సభ్యుడి ప్రమాణంలో నిజాయితీ ఎంతో తూచే త్రాసు సభలోని మెజారిటీ చేతికిస్తే, విధేయత పేరు చెప్పి అసమ్మతిని అణచడానికి దాన్ని వాడుకుంటారని స్పష్టంగా రాశారు. ఇక బాండ్ మాటల విషయానికి వస్తే, అవి యుద్ధ విధానాన్ని విమర్శించాయి గాని చట్టాన్ని ఉల్లంఘించమని ఎవరినీ రెచ్చగొట్టలేదన్నారు. అలాంటి మాటలకు మామూలు పౌరుడిని శిక్షించలేనప్పుడు శాసనసభ్యుడినీ శిక్షించలేరని, ప్రాతినిధ్య ప్రభుత్వంలో విధానాలపై అభిప్రాయం చెప్పడానికి శాసనసభ్యుడికి వీలైనంత విశాలమైన స్వేచ్ఛ ఉండాలని తేల్చారు. జేబులోని కార్డు గురించి కమిటీ ముందు బాండ్ చెప్పిన మాటలను తీర్పు యథాతథంగా ఎత్తి రాసింది.

న్యాయశాస్త్రం చదివినవారి కోసం ఒక పక్కమాట. భారత రాజ్యాంగంలో 194వ అధికరణం శాసనసభ్యుడికి సభ లోపల అనే మాటలకు రక్షణ ఇస్తుంది. బాండ్ మాట్లాడింది సభ బయట, అదీ సభ్యుడిగా ప్రమాణం చేయకముందు. అందుకే ఆయనకు దక్కిన రక్షణ శాసనసభ హక్కుల నుంచి రాలేదు. ప్రతి పౌరుడికీ ఉన్న వాక్‌స్వాతంత్ర్యం నుంచి వచ్చింది. జాతి వివక్ష కూడా జరిగిందని బాండ్ పక్షం చెప్పినా, వాక్‌స్వాతంత్ర్యం మీదే కేసు తేలిపోయింది కాబట్టి కోర్టు ఆ ప్రశ్న జోలికి వెళ్లలేదు. 1868 నాటి చరిత్ర తెలిసినవాళ్లకు అది కొంచెం లోటుగానే అనిపిస్తుంది.

1967 జనవరిలో బాండ్ ప్రమాణం చేశారు. మరుసటి ఏడాది షికాగోలో అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకోవడానికి జరిగిన డెమోక్రాటిక్ పార్టీ మహాసభకు, గవర్నర్ లెస్టర్ మాడక్స్ చెప్పుచేతల్లో ఏర్పడిన ప్రతినిధి బృందానికి పోటీగా ఇంకో బృందాన్ని తీసుకెళ్లి సగం సీట్లు సాధించారు. ఈ మాడక్స్ అట్లాంటాలోని తన హోటల్‌కు భోజనానికి వచ్చిన నల్లవాళ్లను గొడ్డలి కర్రలతో తరిమించి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ మహాసభలోనే ఉపాధ్యక్ష పదవికి బాండ్ పేరును ప్రతిపాదించారు. ఒక ప్రధాన పార్టీ మహాసభలో నల్లజాతీయుడికి అలా జరగడం అదే మొదటిసారి. రాజ్యాంగం ప్రకారం ఆ పదవికి 35 ఏళ్లు నిండాలి, తనకు 28 మాత్రమేనని చెప్పి ఆయన తన పేరు ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత 1975 వరకు ప్రతినిధుల సభలోనూ, 1987 వరకు రాష్ట్ర సెనేట్‌లోనూ ఉన్నారు. మధ్యలో 1971లో అలబామాలోని మాంట్‌గోమరీలో, పౌరహక్కుల కేసులు వాదించే సదరన్ పావర్టీ లా సెంటర్ స్థాపనలో పాలుపంచుకుని, దానికి మొదటి అధ్యక్షుడయ్యారు.

సెనేటర్‌గా ఆయన చేసిన వాటిలో ముఖ్యమైనది నియోజకవర్గాల గీతల మీద పోరాటం. 1980 జనాభా లెక్కల తర్వాత కాంగ్రెస్ నియోజకవర్గాలను తిరగగీసేటప్పుడు, అట్లాంటాలోని ఐదో నియోజకవర్గంలో నల్లజాతి ఓటర్లకు గట్టి ఆధిక్యం ఉండాలని బాండ్ పట్టుబట్టారు. చట్టసభ ఒప్పుకోలేదు. వ్యవహారం వాషింగ్టన్ కోర్టుకు వెళితే, జార్జియా గీతల వెనక జాతి వివక్ష ఉద్దేశం ఉందని 1982లో తీర్పు వచ్చింది. గీతలు మార్చారు.

1986లో ఆ స్థానం ఖాళీ అయింది. బాండ్ పోటీకి దిగారు. ఎదురుగా నిలబడింది జాన్ లూయిస్. ఇరవై ఏళ్ల కిందట ఏ ప్రకటనను సమర్థించినందుకు బాండ్ సభ్యత్వం పోయిందో, ఆ ప్రకటనను విలేకరుల ముందు చదివిన మనిషి. పాతికేళ్ల స్నేహితులు. డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, మొదటి విడతలో బాండ్ చాలా ముందున్నారు గాని సగం ఓట్లు దాటలేదు. రెండో విడత చర్చల్లో లూయిస్, మత్తుమందు పరీక్ష చేయించుకుందామా అని సవాలు విసిరారు. పౌరస్వేచ్ఛ పేరుతో బాండ్ నిరాకరించారు. సెప్టెంబరు 2న నూటికి 52 ఓట్లతో లూయిస్ గెలిచారు. నల్లజాతి ఓటర్లలో ఎక్కువమంది బాండ్ వైపు, తెల్లజాతి ఓటర్లలో అత్యధికులు లూయిస్ వైపు మొగ్గారు. తాను పోరాడి గీయించిన నియోజకవర్గంలో తానే ఓడిపోయారు. పాతికేళ్ల వయసులో పేరు వచ్చినవాడు, తర్వాత ఆ పేరు మీద కొంత నిశ్చింతగా కూర్చున్నాడన్న విమర్శ అప్పట్లో వినిపించింది. ఇల్లిల్లూ తిరిగిన 1965 నాటి అభ్యర్థితో పోల్చి చూస్తే అందులో నిజం లేకపోలేదని నాకనిపిస్తుంది. ఆ ఎన్నికల్లో గడప గడపకూ కష్టపడి తిరిగినవాడు లూయిస్. ఆ స్థానంలో ఆయన 2020లో మరణించేదాకా కొనసాగారు.

బాండ్ మళ్లీ ఎన్నికల్లో గెలిచి చట్టసభకు వెళ్లలేదు. పౌరహక్కుల ఉద్యమంపై వచ్చిన ప్రసిద్ధ టెలివిజన్ డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చెప్పారు, వర్జీనియా విశ్వవిద్యాలయంలో రెండు దశాబ్దాలు చరిత్ర పాఠాలు చెప్పారు, 1998 నుంచి 2010 వరకు నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నారు. 2015 ఆగస్టు 15న ఫ్లోరిడాలో తన 75వ ఏట కన్నుమూశారు.

సమయం మించిపోతోంది, ఇక్కడితో ఆపుతాను. బాండ్ వర్సెస్ ఫ్లాయిడ్ అన్న పేరుతో వెతికితే తీర్పు పూర్తి పాఠం దొరుకుతుంది. 1966 నవంబరులో ఇరుపక్షాల లాయర్లు సుప్రీంకోర్టులో చేసిన వాదనల ధ్వనిముద్రణ కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా వినవచ్చు. లా చదువుతున్న పిల్లలు ఎవరైనా ఉంటే, జార్జియా తరఫు లాయరుకు న్యాయమూర్తులు వేసిన ప్రశ్నలు ముందుగా వినమని చెప్పండి. ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుంటాను.